రాయకుండా వదిలేసిందేమిటి?

కుసుమకుమారి టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా ‘విమర్శనాత్మక ఆలోచన అంటే ఏమిటి’ అన్న ప్రశ్నకి జవాబును ఐదు పాయింట్లుగా బట్టీపట్టి, కామా కూడా పోకుండా రాసి, క్లాసులో ఫస్టొచ్చింది. ఆ ఐదింట్లో ఒక్కదాని గురించైనా ఆలోచించిన పాపాన పోలేదు. ఈ మాట ఆవిడే చెప్పి నవ్వుతుంది.

ఆలోచన మొదలైంది ఉద్యోగంలో చేరాకే. ఆమదాలవలసకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న రేగువలస ప్రాథమిక పాఠశాలలో, చేరిన రోజునే మూడో తరగతి పిల్ల ఒకతి లేచి కాకి పాఠం గడగడా చదివేసింది. దగ్గరికెళ్లి చూస్తే చేతిలో ఉన్నది లెక్కల పుస్తకం. కుసుమకుమారికి కోపం రాలేదు. తనూ ఆ బాపతే కదా అనుకుంది.

అప్పట్నుంచి ఆవిడ బడిలో ఒకటే పద్ధతి. కంటబడిన ప్రతి రాతా చదవాలి. పురుగుమందు డబ్బా, బస్సు వెనక రాత, పెళ్లి కార్డు, గోడ మీది ఎన్నికల వాగ్దానం, ఏదైనా సరే. చదివాక మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు రాశారు? ఎందుకు రాశారు? రాయకుండా వదిలేసిందేమిటి? మొదటి రెండూ బడిలోనే తేలిపోయేవి. మూడోది మాత్రం ఊరి మీద పడింది. పెళ్లి కార్డులో భోజనాల వేళ రాయలేదేమని పిల్లలు పెళ్లివారినే అడిగారు. పంచాయతీ వారి కుళాయి దగ్గర, ప్రారంభించిన తేదీ ఉంది, నీళ్లొచ్చిన తేదీ లేదేమని అడిగారు. పిల్లలు చెడిపోతున్నారని ఊరి పెద్దలు తేల్చేశారు.

పైవాళ్ల తంటా పైవాళ్లది. చదువు కొలవడానికి ఫోనులో ఒక యాప్ ఇచ్చారు. నిమిషానికి ఎన్ని పదాలు చదివితే అంత తెలివి. రేగువలస పిల్లలు రెండో వాక్యం దగ్గరే ఆగి, ఇదెలాగని అడిగేవారు. ఈలోగా నిమిషం అయిపోయేది. ఆకుపచ్చ చుక్కలు పడాల్సిన చోట వరసగా ఎర్ర చుక్కలు పడేవి.

ఇంతలో బిస్కెట్ల గొడవ వచ్చింది. కిరాణా కొట్టు సూర్యారావు మనవరాలు హర్షిత నాలుగో తరగతి. ఒక సాయంత్రం కొట్లో కూర్చుని, లక్ష్మణమ్మ అనే ఆవిడ కొనబోతున్న బిస్కెట్ పాకెట్టు తిప్పి, వెనక రాసింది పైకి చదివింది. గడువు మే నెలలోనే తీరిపోయింది, నడుస్తున్నదేమో ఆగస్టు. లక్ష్మణమ్మ పాకెట్టును అక్కడే వదిలేసి, సంగతిని మాత్రం ఊరంతా మోసుకెళ్లింది.

మర్నాడే సూర్యారావు బడికొచ్చాడు. మనవరాలిని టౌన్లో ఇంగ్లీషు మీడియం బడికి మారుస్తానని, టీసీ ఇప్పించమని అడిగాడు. వంకకి ఎర్ర చుక్క ఉండనే ఉంది. కారణం అడిగిన చోట ‘చదువు రాకపోవుట’ అని రాస్తానన్నాడు. నోటితో మాత్రం నిజమే చెప్పాడు.

“సదువు రానేదని నేనంట్నేదమ్మా. ఎక్కువైపోనాదంటన్నాను.”

కుసుమకుమారి హాజరుపట్టీ వైపు చూసింది. బడిలో ఉన్నది సరిగ్గా ఇరవై మంది. ఒక్కరు తగ్గినా రైలు గేటు అవతలి ఊరి బడిలో కలిపేస్తామని అప్పటికే పైనుంచి కాగితం వచ్చింది. ఒకటో తరగతి పిల్లల్ని రోజూ పట్టాలు దాటించి పంపేవారెవరు? నాలుగు రోజులు చూసి మాన్పించేస్తారు.

భయం ఎంత పనైనా చేయిస్తుంది. ఆ సాయంత్రం ఆవిడ హర్షితను పక్కకి పిలిచి, కొన్నాళ్లపాటు తాతగారిని ఏమీ అడగొద్దని చెప్పింది.

“ఏల అడక్కూడదు మేడమ్?” అంది పిల్ల.

పద్నాలుగేళ్ల సర్వీసులో మొదటిసారి ఆవిడ ఒక ప్రశ్నకి, పొద్దుపోయింది ఇంటికెళ్లమని జవాబు చెప్పింది. ఇంటికెళ్లాక తన మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం సూర్యారావు దరఖాస్తు రాసి పట్టుకొచ్చాడు. వెంట మేనల్లుడు త్రినాథ్ ఉన్నాడు. ఇళ్ల స్థలాలు అమ్మిపెట్టడం అతని పని. బడి పని అవగానే మావని మోటారు సైకిలెక్కించుకుని వెళ్లి, ఒక స్థలానికి బయానా కట్టించాలని తొందరపడుతున్నాడు. సూర్యారావు సంచిలోంచి దరఖాస్తు తీసి బల్ల మీద పెడుతుంటే, దాంతోపాటు ఆ స్థలం తాలూకు రంగురంగుల కరపత్రం ఒకటి జారిపడింది. కంటబడిన రాత చదవకపోతే హర్షితకి ఉండబట్టదు. బల్ల పక్కకొచ్చి మనసులోనే చదువుకుంది. తర్వాత తలెత్తి టీచరు వైపు చూసింది గాని పెదవి కదపలేదు.

ఆ చూపు కుసుమకుమారికి అర్థమైంది. అడగనిస్తే ముసలాయనకి ఒళ్లు మండుతుంది, దరఖాస్తు చేతిలో పెట్టేసి పోతాడు, బడి మూతపడుతుంది. అడగనివ్వకపోతే ఇన్నాళ్లూ చెప్పిన చదువంతా అబద్ధమైపోతుంది.

“అడుగమ్మా,” అంది.

హర్షిత కరపత్రం మీద వేలు పెట్టింది. “తాతా, భోగాపురం ఎయిర్‌పోర్టుకి పది నిమసాలని పెద్దక్షరాల్లో రాసున్నాది. స్థలం ఎస్.కోట దగ్గరని కింద సన్నక్షరాల్లో ఉన్నాది. పది నిమసాలు దేనిమీద ఎల్తే?”

సూర్యారావు కరపత్రం అందుకుని దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. జీలకర్ర ఏ ఊరి సరుకో వాసన చూసి చెప్పగల మనిషి. స్థలం ఎక్కడని మాత్రం ఇన్నాళ్లూ అడగనే లేదు. విమానం బొమ్మ అంత పెద్దది వేశాక ఇంకెక్కడుంటుందిలే అనుకున్నాడు. ఎస్.కోట కొండల కింద, భోగాపురం సముద్రం ఒడ్డున, నడుమ గంటకి పైగా దారి.

“రోడ్డు పడతాది మావా,” అన్నాడు త్రినాథ్. “పడ్డాక పది నిమసాలే.”

“మరి ఆ మాట రాయనేదేటి మావయ్యా?” అంది హర్షిత.

త్రినాథ్ ఫోను తీసి చూసుకున్నాడు. ఫోనేమీ మోగలేదు. వెనక వరసలోంచి ఒకటో తరగతి పిల్ల, ఆ కాగితం ఎవరు రాశారని అడిగింది.

సూర్యారావు లేచి, మేనల్లుణ్ణి బండి మీద ఒక్కణ్ణే వెళ్లమన్నాడు. ఇంతలో హర్షిత చెయ్యి బల్ల మీది దరఖాస్తు వైపు వెళ్లడం కంటబడింది. గభాలున దాన్ని లాక్కుని, నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. అందులో ఏం రాశాడో, ఏం రాయకుండా వదిలేశాడో ఆయనకి బాగా తెలుసు.

“ఇక్కడే సదవనీండమ్మా,” అన్నాడు. “కాపోతే కొట్లో కూకోవద్దని మీరొక మాట సెప్పండి.”

అటువంటి మాట ఒకసారి చెప్పి చూశానని, మళ్లీ చెప్పడం తన వల్ల కాదని కుసుమకుమారి ఒప్పేసుకుంది. ఆ పూట హాజరు పిలుస్తూ ఇరవయ్యో పేరును ఆవిడ రెండుసార్లు పిలిచింది. అంత సంతోషం ఉద్యోగం వచ్చిన రోజున కూడా లేదు.

యాప్‌లో హర్షితకి ఇప్పటికీ ఎర్ర చుక్కే పడుతోంది. సూర్యారావు మాత్రం రోజూ మూడున్నరకి కళ్లజోడు తగిలించుకుని, కొట్లో ఉన్న ఒక్కొక్క పాకెట్టూ తిప్పి వెనక రాసింది చదువుతున్నాడు. బడి వదిలేది నాలుగింటికి.