మూడో మైలురాయి దగ్గర చెంబెడు నీళ్లు

ఆదివారం పొద్దున బెంగళూరు నుంచి బిగుతు బట్టల సైకిలోళ్లు మా సోమందేపల్లె మీదుగా దూసుకుపోతుంటారు. మొన్న ఒకతను మా ఇంటి ముందరే ఆగి పంక్చరు వేసుకుంటుంటే సొల్యూషన్ వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, తొంభైల చివర నాయన సైకిలు షాపులో కూర్చున్న పదకొండేళ్ల పిల్లనైపోతాను.

నాయన వయసులో ఉన్నప్పుడు పందేల్లో తొక్కినవాడే, ఏనాడూ గెలవలేదు. ఆ కసంతా మా అన్న ఓబులేసు మీద తీర్చుకున్నాడని ఇప్పుడు అనగలను, అప్పుడు నోరెత్తే ధైర్యం ఎవరికుంది? అన్నకూ సైకిలంటే పిచ్చే. మడ్‌గార్డులు, స్టాండు, క్యారియరు, బెల్లు అన్నీ పీకేసి, కాళ్లకు శెనక్కాయల నూనె రుద్దుకుని, ఊరుబిండి పచ్చడితో సంగటి ముద్ద మింగి, వాన మొగం చూడని చేన్ల నడుమ తార్రోడ్డు మీద ఎండ నెత్తికెక్కేదాకా తొక్కేవాడు. నీళ్లు మాత్రం తాగకూడదు. తాగితే కాళ్లు బరువెక్కుతాయని పాత పందెగాళ్లందరి నమ్మకం. నోట్లో నిమ్మబద్ద, మెడ మీద తడి టవలు, అంతే.

నేను ఊరుకుంటానా? పావడా చాటున చెంబు దాచుకుని మూడో మైలురాయి దగ్గర కాచుకునేదాన్ని. అన్న గటగటా తాగి, నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి పోయేవాడు.

ఉగాది మరుసటి రోజు పందెం. పెనుకొండకు మూడుసార్లు పోయి రావాలి. మొదట వచ్చినవాణ్ణి జిల్లా జట్టులోకి తీసుకుంటారు, ఆపైన సైకిలు తొక్కడమే బతుకుదెరువు. అన్నకు అంతకు మించిన కోరిక లేదు. ముందు రోజు నా పావడా తడి చూసి నాయన కనిపెట్టేశాడు. కొట్టలేదు. నా చేయి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు.

"రేపు నీళ్లిచ్చినావంటే వాని బతుకు నువ్వే చెరిపినట్ల. తెలిసిందా పాపా?"

పందెం రోజు మూడో మైలురాయి దగ్గర చెంబుతో నిలబడి టవలు తడిపిచ్చే పని మాత్రం నాకే పెట్టాడు. ఆఖరి చుట్టుకు వచ్చేసరికి అన్న పెదాలు పొక్కిపోయాయి, ఒంటి మీద చెమటే లేదు.

"టవలొద్దే పాపా. నీళ్లీయే, రోంత."

చేయి చాచాడు. లాక్కుంటాడేమోనని భయపడి చెంబు బోర్లించేశాను. బిందె నీళ్లకు జుట్లు పట్టుకునే ఊళ్లో, చెంబెడు నీళ్లు రోడ్డు పాలు చేశాను. అన్న ఆ తడి వంకే చూసి, నా వంక చూడకుండా తొక్కుకుంటూ పోయాడు.

గెలిచాడు. గీత దాటి పది గజాలు పోయి పడ్డాడు, మళ్లీ లేవలేదు. నాయన ఒక చేత్తో గెలుపు దండ పట్టుకుని, ఇంకో చేత్తో నోట్లో నీళ్లు పోస్తుంటే అవి చెంపల మీదుగా కారిపోయాయి. ఎండదెబ్బ అన్నారు ఊరంతా. దినం ముగిశాక నాయన నన్ను దగ్గరికి పిలిచి, "మాట నిలబెట్టుకున్న్యావు పాపా. వాడు గెలిచినాడు" అని నెత్తి నిమిరాడు. ఛీ, ఆ చేయి విదిలించి కొట్టనందుకు ఈనాటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నాయన పోయాడు. ఆ పందేలూ పోయాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మైలురాయినీ పీకేశారు, అది ఉండిన చోటు నాకొక్కదానికే గుర్తు. మొన్నటి అతను పంక్చరు పని ముగించి, ఖాళీ సీసా చాచి నీళ్లడిగాడు. నింపిచ్చాను. సైకిలుకు తగిలించుకోబోతుంటే చేయి పట్టుకున్నాను.

"ముందు తాగప్పా. నా కండ్ల ముందర తాగు."

సీసా ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.