జీవరాజు గారూ, మా పెళ్ళిరాటా

జీవరాజు గారి దృష్టిలో మనుషులు రెండే రకాలు. గునపం పట్టుకున్నవాళ్ళు, కాసేపట్లో పట్టుకోబోయేవాళ్ళు. ఇద్దరి మీదా ఆయనకు అనుమానమే.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ధవళేశ్వరం దిగువన మా ఊరి పొలాల కింద నుంచి గ్యాసు పైపులైను వెళ్తుంది. రోజూ దాని వెంట నడిచి, ఎవరూ తవ్వకుండా చూడటమే ఆయన పని. ఈమధ్య రూల్స్ బిగించారు. తవ్వేముందు కంపెనీకి చెప్పాలి. లైను దగ్గర ఏది తేడాగా కనిపించినా ఫోటో తీసి పైకి పంపాలి. అసలే అనుమానం మనిషి, ఆపైన గవర్నమెంటు అండ. ఇక ఆయనకు పట్టపగ్గాలు లేవు.

ఓసారి మా బావ గంగరాజు చేలో మందు కొట్టే డ్రోను ఎగురుతుంటే, జీవరాజు గారు గట్టు మీద నిలబడి గొడుగు ఊపారు.

"దిగండి! దిగి ఐడీ కార్డు చూపించండి!"

"అందులో మనిషి ఉండడండి బాబూ!" అని బావ మొత్తుకున్నాడు.

"మనిషి లేకుండా ఎగురుతోందంటే ఇంకా అనుమానించాలి కదండీ!"

ఇంట్లోనూ అంతే. ఆయన భార్య తబిత గారు పెరట్లో కంద తవ్వాలంటే ఆయన డ్యూటీకి వెళ్ళేదాకా ఆగాల్సిందే. ఓ సమాధి కార్యక్రమంలో పాస్టరు గారు "మన్నుకు మన్ను" అంటుండగా, వెనక నుంచి "ఎంత లోతండీ?" అని వినిపించిందట. తబిత గారు గిల్లిన చోటు వారం రోజులు కమిలి ఉంది.

అలాంటి మనిషికి మా అక్క రత్నమాణిక్యం కూతురు సాయిదుర్గ పెళ్ళి కుదిరిందని తెలిసింది. నన్ను వీధిలోనే పట్టుకున్నారు.

"ముహూర్తం ఎప్పుడండీ?"

"పెళ్ళికా?"

"పెళ్ళితో నాకేం పనండీ. రాటకి! ఏ మూల పాతుతున్నారు? గొయ్యి ఎంత లోతు? గునపం ఎవరిది?"

మర్నాడు పంతులు గారు ఫోన్ చేశారు. "రాట భూమిలోనే పాతాలా, ఏ మట్టి వెయ్యాలి అని జీవరాజు గారు ఒకటే ప్రశ్నలండీ. ఆయనకెందుకండీ ఇవన్నీ?"

నాకూ అదే అనుమానం. సాయంత్రానికి ఆయన అక్కవాళ్ళ దొడ్లో ఈశాన్యం మూల ఫోటో తీస్తూ కనిపించారు. రాట పాతేది అక్కడే, ఆ మూల పైపులైనుని ఆనుకునే ఉంటుంది.

"ఫోటో ఎవరికండీ?"

"పైకి పంపాలండి," అని ఫోను జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

అక్కకి చెబితే హడలిపోయింది. "రాట వేసే టైముకి పోలీసుల్ని తెస్తాడ్రా! ముహూర్తం తప్పిపోతే మగపెళ్ళివాళ్ళు ఊరుకుంటారా? సంబంధమే వద్దంటారు!"

"ఆయన వచ్చేలోపే గొయ్యి తీసేస్తాను," అన్నాడు బావ.

రాట రోజు పొద్దున్నే బావ గునపం ఎత్తాడు. అది కిందికి దిగేలోపు వీధిలోంచి కేక వినిపించింది.

"ఆపండి! గునపం కింద పెట్టండి!"

ఆటోలోంచి జీవరాజు గారు దూకారు. పోలీసులు ఎక్కడా కనబడలేదు.

"ముహూర్తం దాటిపోతుందండీ!" అంది అక్క ఏడుపు గొంతుతో.

"దాటదండీ, పావుగంట ఉంది. మీ గునపం లైనుకి తగిలిందంటే రాట లేవడం కాదండీ, మనమే లేచిపోతాం!"

ఆయనా, ఆటో అబ్బాయీ కలిసి ఓ సగం డ్రమ్ముని దింపారు. దానికి నిండా పసుపు పూసి, చుట్టూ కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. లోపల గోదారి ఇసుక.

"పైన పుట్టమన్ను కూడా వేశానండి. మట్టి ఉంటే చాలన్నారు పంతులు గారు. బొట్లు మా తబిత పెట్టింది. వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి, మాకు అలవాటు లేదు కదా."

"మరి ఆ ఫోటో?" అన్నాను.

"లైను పక్కన ఇంత బరువు పెట్టొచ్చా అని మా ఇంజినీరు గారిని అడగాలి కదండీ!"

రాట ముహూర్తానికే నిలబడింది. అక్క కళ్ళు తుడుచుకుంది. "మీ మీద లేనిపోని అనుమానాలు పడ్డామండీ."

"మంచిదేనండి, అనుమానం ఉండాలి," అన్నారాయన, పెద్ద మెప్పు దొరికినట్టు.

అందరం నవ్వుతుంటే ఆయన చూపు మాత్రం గుమ్మం పక్కన ఆనించి పెట్టిన అరటిచెట్ల మీద పడింది.

"అవెక్కడ పాతుతారండీ?"

అడగడమే గానీ మా జవాబు కోసం ఆగలేదు. ఆటోలో ఇంకో రెండు చిన్న డ్రమ్ములు ఉన్నాయి.