దిగబడిన బండి

మొన్న మా చెల్లెలి కూతురు ఆదోని స్టేషన్ నుంచి ఫోన్ చేసింది. "రైలు తప్పిపోయింది పెద్దమ్మా, ఈడ దిగబడిపోయినాను" అంది. ఫ్యాను కింద కూర్చుని, చేతిలో టీ గ్లాసు పెట్టుకుని దిగబడటమేమిటని నాకు ఒళ్లు మండింది. ఆ మాట నల్లరేగడి నేలది. వానకు నానిన రేగడిలో బండిచక్రం ఇరుసుదాకా దిగిపోతే దిగబడిందనేవాళ్లు. తర్వాత దాన్ని మనుషులకూ అంటగట్టారు. చిన్న వయసులోనే మొగుడు పోయిన మా మేనత్తను చూసి నందవరంలో అందరూ "పాపం, దిగబడిపోయింది" అని జాలిపడేవాళ్లు. ఆ జాలి వింటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మొగుడి చేనును తనే సేద్యం చేయించి, మేనత్త మొదటి పంట పత్తిని ఆదోని మండీకి బయల్దేరదీసింది. పక్కన చిన్నపిల్లను నేను. ఎమ్మిగనూరు దాటాక అకాలవాన కురిసి వెలిసింది. దగ్గరదారని పట్టిన పొలాల బాటలో బండి కాస్తా దిగబడింది. వెనకే ఆమె మరిది బండి వచ్చింది.

"మూటలు మా బండికెక్కించు వదినా. నువ్వు బిడ్డను పిల్సుకోని ఇంటికి పో" అన్నాడాయన, తియ్యగా.

మండీలో సరుకు ఎవరి బండిలోంచి దిగితే దలాలి వాళ్ల పేరే గట్టిగా పిలిచి వేలం పెట్టేవాడు. ఆ పేరే ఊరికి తిరిగొచ్చేది. ఈ ఏడు పత్తి మరిది పేరున పలికితే, వచ్చే ఏడు చేను కూడా ఆయనదే అయిపోతుంది. ఆ సంగతి మేనత్తకు బాగా తెలుసు.

"దిగబడింది బండి, నేను కాదప్పా. నీ దావన నువ్వు పో" అంది.

కొంగు బిగించి, ఎద్దులను విప్పించి, మూటలన్నీ గట్టున దించించింది. బండి తోలే మనిషీ, ఆమే, నేనూ పక్క చేలో కుప్పవేసిన పత్తికట్టె మోసుకొచ్చి చక్రాల కింద పరిచాం. అంటుకున్న మట్టిని చేతులతో గీకాం. రేగడి మొండి చుట్టం లాంటిది, పొమ్మన్నా పోదు. చివరికి ఎద్దులు కట్టి అదిలిస్తే ఒక్క ఊపున లాగేశాయి. మరిది ఇదంతా చూస్తూనే నిలబడ్డాడు. పోనూ పోలేదు, చేయీ వేయలేదు.

మర్నాడు మండీలో దలాలి పేరడిగాడు. మేనత్త మొగుడి పేరు చెప్పలేదు, తన పేరు చెప్పింది. ఆడమనిషి పేరు పిలవడానికి అతను తటపటాయించాడు.

"గెట్టిగా పిలువప్పా, మా మరిదికి ఇనపడల్ల" అంది, మోకాళ్లదాకా ఎండిన బురదతో.

మేనత్త పోయి చాలా ఏళ్లయింది. ఆ బాట తారురోడ్డయింది. ఆ చేనును మాత్రం మరిది మనుమలు కూడా ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. ఇంత కాలం గడిచినా దానికి వేరే పేరు పెట్టడం ఎవరి తరమూ కాలేదు.