సిమెంటు పన్ను తగ్గే దాకా

కోరుట్లలో పన్నుల చరిత్ర ఎవరైనా రాయదలిస్తే, దశరథం కళ్లద్దాలు తుడుచుకునే ఘట్టంతో మొదలుపెట్టక తప్పదు. బిస్కెట్ పొట్లం కొన్నా ఆయన బిల్లు అడుగుతాడు. అద్దాలు తుడిచి, ధర సంగతి వదిలేసి, అడుగున ఉన్న పన్ను వరస చదువుతాడు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమాస్తాగా చేసిన మనిషి. కాగితం మీద లేనిది లోకంలో లేదని ఆయన నమ్మకం. అమ్మకం పన్ను పోయి వ్యాట్ వచ్చింది, వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చింది. దశరథం అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు.

భార్య సాయవ్వకు మోకాళ్లు అరిగాయి. దసరా దాటాక కరీంనగర్‌లో ఆపరేషన్. ఇంట్లో బాత్రూము పెరటి గోడ దగ్గర ఉంది, నాలుగు మెట్లు దిగి పోవాలి. రెండేళ్లుగా ఆమె భుజం పట్టుకొని దించేది దశరథమే. ఆపరేషన్ అయ్యేలోగా పడకగదికి ఆనించి ఒక బాత్రూము కట్టించమని డాక్టరు చెప్పాడు.

మేస్త్రి తిరుపతి వచ్చి కొలతలు తీసుకున్నాడు. పెత్రమాస ముందు రోజులు, పెద్దలకు బియ్యమిచ్చే పక్షం. కొత్త ఇండ్లకు ఎవరూ ముగ్గు పోయరు కాబట్టి అతని చేతులు ఖాళీ. సరిగ్గా ఆ వారమే పేపర్లో పడింది, సెప్టెంబరు ఇరవై రెండు నుంచి సిమెంటు మీద పన్ను ఇరవై ఎనిమిది శాతం నుంచి పద్దెనిమిదికి దిగుతుందని. బస్తాకు ముప్పై రూపాయల దాకా తగ్గవచ్చునట. దశరథం ఆ ముక్క కత్తిరించి దేవుడి పటం వెనక పెట్టాడు. పని ఆగింది.

"బాపూ, నా కూలికి పన్నే లేదు, నాకు జీఎస్టీ నంబరే లేదు," అన్నాడు తిరుపతి. "ఇప్పుడైతే ఖాళీగున్న. ఇరవై రెండు దాటితే వేములవాడల లాడ్జి పని ఒప్పుకున్న. దీపావళి దాక రాను."

చట్టం మారే వేళ తొందరపడటం పౌరధర్మం కాదని దశరథం సెలవిచ్చాడు. గడపలో కూర్చున్న సాయవ్వ తలెత్తింది.

"గీ మోకాళ్లు గా తారీఖు దాక ఆగుతయని గూడ రాసిండ్రా పేపర్ల?"

ఇరవై రెండున, షట్టరు లేవకముందే దశరథం సిమెంటు దుకాణం ముందు నిలబడ్డాడు. బస్తాలు తెచ్చి గదిలో పేర్చాడు. టైల్స్ కోసం జగిత్యాల పోతే, వాటి మీద పన్ను మునుపూ పద్దెనిమిదే, ఇప్పుడూ పద్దెనిమిదే అన్నారు. తిరుపతి వేములవాడ వెళ్లిపోయాడు. పండుగ ముందు ఇంకో మేస్త్రి దొరకలేదు.

ఆపరేషన్ అయ్యాక సాయవ్వను ఇంటికి తేలేక, సిరిసిల్లలో బిడ్డ సౌమ్య ఇంటికి తీసుకుపోయారు. అక్కడ గది పక్కనే బాత్రూముంది. ఆదివారం బస్సులో దశరథం వెళ్లేసరికి, ఆమె వాకర్ పట్టుకొని అందులోంచి ఒక్కతే వస్తోంది. అలవాటుగా ఎదురెళ్లి చెయ్యి అందించాడు. ఆమె అందుకోలేదు, రెండు చేతులూ వాకర్ మీదున్నాయి.

కుర్చీలో కుదురుకున్నాక నెమ్మదిగా అడిగింది. "మనింటికి ఎప్పుడు తోల్కపోతవ్?"

దశరథం కళ్లద్దాలు తీసి తుడిచాడు. చదవడానికి ఏమీ లేదు.

దీపావళి వెళ్లిన మూడో రోజు తిరుపతి వచ్చాడు. పని కార్తీకం చివరికి ముగిసింది, సాయవ్వ ఇల్లు చేరింది. బాత్రూముకు పట్టిన సిమెంటు మొత్తం పద్నాలుగు బస్తాలు, బస్తాకు మిగిలింది ముప్పై రూపాయలు.