పసుపు అంటిన తాఖీదులు

డెబ్బైల చివర్లో నేను సుబేదారిలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుని. టెంపరరీ ఉద్యోగం. మా ఆయనకు అప్పటికింకా పని దొరకలేదు కనుక ఇంట్లో జీతమంటే నాదొక్కటే. మొదటి కాన్పుకు మూడు నెలల సెలవు పెట్టి, మట్టెవాడలో అమ్మ దగ్గర ఉన్నాను. పాప పుట్టిన పదో రోజున మా హెడ్‌క్లర్కు వచ్చాడు. గడప అవతలే నిలబడి, పాప ఎట్లా ఉందని కూడా అడగకుండా అసలు సంగతి చెప్పాడు.

"నీ జాగల ఎవరో పిల్లను పంపిస్తరట బిడ్డా. ఆ పిల్ల మంచిగ పనిచేస్తే నీ కుర్చీ ఉంటదో, పోతదో. మిషన్ ఇంటికి పంపిస్త. పూటకు జరంత టైపు కొట్టియ్యి. మనిషి అక్కర లేదని నేను చెప్పుకుంట."

సరేనన్నాను. మర్నాడే టైపు మిషను రిక్షాలో దిగింది.

"బాలింత చేతులకు పని చెప్తరా? వేళ్లల్లకు వాతం వస్తది," అని అమ్మ లబలబలాడింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం మీద పీట, పీట మీద మిషను. నేను కొడుతుంటే మంచం ఊగేది, పాప హాయిగా నిద్రపోయేది. అది చూసి అమ్మ కాస్త మెత్తబడింది.

మైల విషయంలో మాత్రం మెత్తబడలేదు. ఇరవయ్యొకటో రోజు స్నానం కానిదే నేను ముట్టింది బయటివాళ్లు ముట్టరాదు. కాగితాల మీద పసుపునీళ్లు చల్లుతానంది. అక్షరాలు కారిపోతాయని నేను మొత్తుకుంటే, నాలుగు మూలలా తడి పసుపు అద్దడంతో సరిపెట్టుకుంది. అట్లా శుద్ధి చేశాకే, వాటి కోసం ఆఫీసు నుంచి రోజూ వచ్చే అటెండరు చేతికిచ్చేది.

మా పెద్దసారు అప్పుడు క్యాంపులో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి బల్ల నిండా పసుపు మూలల కాగితాలు. "ఎవరి పెండ్లయ్యా?" అంటూ ఒకటి తీసి చదివితే అది బదిలీ ఆర్డరు, ఇంకోటి చూస్తే మెమో. అటెండరును పిలిచి అడిగితే ఉన్నదంతా చెప్పేశాడట.

స్నానమైన మర్నాడే నాకు పిలుపొచ్చింది. నేను, అమ్మ, పాప, మిషను ఒక్క రిక్షాలో ఇరుక్కుని వెళ్లాం. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. పెద్దసారు ముందు నిలబడి, కుర్చీ పోతుందన్న భయంతోనే ఇంట్లో పనిచేశానని చెప్పాను.

ఆయన హెడ్‌క్లర్కు వైపు తిరిగాడు. "ఏ పిల్లయ్యా వచ్చేది? నీవు మనిషి కావాలని అడిగిందెప్పుడు? ఆమె కుర్చీ ఆమెకే ఉంటదని సెలవు ఆర్డరుల రాసిన గదా."

ఆ ఆర్డరు హెడ్‌క్లర్కు సొరుగు దాటి నా దాకా రాలేదు. ఇంకో మనిషిని అడగడానికి రాతకోతలు చెయ్యాలని బద్ధకించి, పచ్చి బాలింతను బెదిరించాడన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ పదిరోజులు నీ సెలవుకు కలుపుత. దరఖాస్తు కొట్టియ్యమ్మా," అన్నాడు పెద్దసారు.

"నేను సెలవుల ఉన్న సార్," అన్నాను.

పెద్దసారు నవ్వు ఆపుకుంటూ హెడ్‌క్లర్కును చూశాడు. ఇన్నేళ్ల సర్వీసులో మిషను ముట్టని ఆ పెద్దమనిషి నా కుర్చీలో కూర్చుని, ఒంటివేలితో నా దరఖాస్తు కొట్టాడు. లైనుకు నాలుగు తప్పులు. పాపను జోకొడుతూ పక్కనే నిలబడి అన్నీ చూశాను, ఒక్కటి కూడా చెప్పలేదు.