లేవనియ్యని కథ

పోలీసు చర్య అయిపోయిన కొత్తల్లో మా అక్క కొడుకు అమ్మవారు పోసి పోయాడు. ఇంకా పాలు కూడా మరవని పసివాడు. అక్కకు తోడుగా ఉండమని బాపు నన్ను జమ్మికుంట దగ్గర ఆమె అత్తగారి ఊరికి పంపించాడు.

ఆ ఎండాకాలం ఆ ఊరికి కథ చెప్పేవాళ్లు వచ్చారు. పందిరి వేసి, మధ్యాహ్నం నుంచే డోలు మోగించారు. అక్క అత్త మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకొని పోయి ముందు కూర్చోబెట్టింది. కథలో పిల్లవాడు చనిపోయే చోటు రాగానే కథకుడు డోలు ఆపించాడు. పాట గొంతు వదిలి మామూలుగా చెప్పాడు.

"అవ్వల్లారా, ఇగ కథల పిలగాడు సస్తడు. కడుపుతోని ఉన్నోళ్లు, కడుపుకోత ఉన్నోళ్లు జర అవతలికి పోండ్రి. తప్పేం లేదు. అయిపోయినంక పిలిపిస్త."

చూలింతలు కొందరు లేచి పందిరి పక్కనున్న తడక వెనక్కి పోయారు. అక్క కూడా నేల మీద చెయ్యి ఆనించింది. పందిట్లో ఆడవాళ్ల తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. అత్త ఆమె కొంగు పట్టుకుంది.

"కూసో. మన ఇంటి ఏడుపు ఊరికి సూపెడ్తవా?"

అక్క కూర్చుంది. కథలో తల్లి బిడ్డను ఒళ్లో వేసుకొని లెమ్మని పిలుస్తుంటే పందిరంతా ఏడ్చింది. అత్త కూడా కళ్లొత్తుకుంది. అక్క మాత్రం నా చేతిని గోళ్లు దిగేలా పట్టుకొని, కదలకుండా కూర్చుంది. తిరిగి వస్తుంటే ఆడవాళ్లు ఆమెది గట్టి గుండె అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు అత్త తనదిగా తీసుకుంది.

వానాకాలం అక్క మా ఇంటికి వచ్చింది. ఇక్కడ పరాయివాళ్లెవరూ లేరు, కడుపునిండా ఏడువు బిడ్డా అని మమ్మల్ని కన్న అవ్వ బతిమాలింది.

"అప్పుడు లేవనిస్తే తడక ఎనుక ఏడ్చుకునేదాన్ని. ఇప్పుడు అందరు గట్టిదన్నరు. ఇగ యాడ ఏడ్వాలె, అవ్వా?"

మరుసటి ఎండాకాలం నేను అక్కను చూడడానికి పోయేసరికి ఆ ఊరికి మళ్లీ ఆ కథ చెప్పేవాళ్లే వచ్చారు. అక్క తలనొప్పని ఇంట్లో ఉండిపోయింది. ఈసారి కథకుడు డోలు ఆపలేదు, ముందుగా ఏమీ చెప్పలేదు. వెనక ఎవరో బిడ్డను పోగొట్టుకున్న తల్లి సొమ్మసిల్లితే నీళ్లు చల్లి లేపారు. కథ అయ్యాక, ఎందుకు చెప్పలేదని అతన్ని అడిగాను.

"లేవాల్సినోళ్లు లేస్తలేరమ్మా. మిగిలినోళ్లు ఎవరు లేస్తరా అని మెడలు తిప్పి సూస్తుండ్రు. గది చెప్పుడు గాదు, ఏలెత్తి సూపుడు."

కథ నిరుటికన్నా బాగుందని ఊరు మెచ్చుకుంది. ఇంటికి రాగానే అత్త, అన్నం ముందు కూర్చున్న అక్కకు కథలో పిల్లవాడు ఎట్లా చనిపోయాడో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. అక్క ముద్ద కలుపుకుంటూ విన్నది.