ముక్కుగారు గుర్తుపట్టిన మొక్క

మా ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వినబడదు. వీధి వీధంతా ఆయన్ని ముక్కుగారనే అంటుంది. మసాలా దినుసుల గోదాములో ముప్ఫై ఏళ్ళు వాసన చూడడమే ఆయన ఉద్యోగం. సంచి మూతి విప్పి, గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని, "దీంట్లో ఎలుక తిరిగింది" అన్నారంటే ఆ సంచి వెనక్కి పోవాల్సిందే. యజమాని కూడా కిక్కురుమనేవాడు కాదు. అలాంటి మనిషి, ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉండగానే, ఓసారి జ్వరం పడి లేచి "ఇక చాల్లే" అని మానేశారు. అసలే కోపం ముక్కు మీద ఉంటుంది, ఎవరితోనో పడలేదు కాబోలనుకున్నాను.

ఇది జరిగిన రెండేళ్ళకి మా చెల్లెలికి ఆపరేషనైతే మూడు వారాలు వెళ్ళి ఉండివచ్చాను. మిట్టమధ్యాహ్నం తలుపు తీసేసరికి కుళ్ళు కంపు గుప్పుమంది. ఇంత కంపులోనూ ఈయన కుర్చీలో కూర్చుని తాపీగా పేపరు చదువుకుంటున్నారు. నేను ముక్కు మూసుకోగానే గబుక్కున లేచి, "అవునే, పొద్దుట్నుంచీ నేనూ అదే వెతుకుతున్నా" అన్నారు.

వెతకడానికేముంది, నా తలకాయ! ఆయన పడుకునే మంచం కిందే పందికొక్కు చచ్చి, ఉబ్బి, పురుగులు పట్టి ఉంది. చచ్చి వారమైనా అయ్యుంటుంది.

"ఇన్నాళ్ళూ దీని మీదే పడుకుని నిద్రపోయారా? మనిషేనా మీరు?" అని కడిగేశాను.

మాటకి మాట అప్పజెప్పే మనిషి, చీపురూ చేటా తెచ్చుకుని బుద్ధిగా మంచం కిందికి దూరారు. నాకు పందికొక్కును చూస్తే వెయ్యని భయం ఆయన వాలకం చూస్తే వేసింది.

కంపు పోవాలని పెరటి కిటికీ తెరిచాను. బయట ఎవరో నిలబడి ఇంట్లోకి చూస్తున్నట్టనిపించి "ఎవరూ?" అని కేకేశాను. మనిషి కాదు, మొక్క. నేను ఊరెళ్ళేటప్పుడు అక్కడ చారెడు పచ్చదనం ఉందేమో, అంతే. ఇప్పుడు నా ఎత్తుంది. ఆకులన్నీ ఈకల్లా సన్నగా చీలి ఉన్నాయి. నున్నటి కాండం మీద ఎర్రటి మచ్చలు, నెత్తుటి చేతుల్తో ఎవరో పట్టుకుని వదిలేసినట్టు. పెరట్లో గాలి లేదు, మిగతా మొక్కలు కదలడం లేదు, ఇది మాత్రం మెల్లగా ఊగుతోంది. పక్కింటి కోళ్ళు పెరడంతా కెలికేశాయి గానీ దాని చుట్టూ జానెడు నేల ముట్టలేదు.

"ఏంటండీ ఇది? ఎవరు నాటారు?"

"ఎవరూ నాటలేదు. సోంపు. ఆకు నలిపి వాసన కూడా చూశాగా!"

ముక్కుగారే చెప్పాక ఇక అప్పీలేముంది?

మర్నాడు నేను గదిలో కిరసనాయిలు గుడ్డతో నేల తుడుస్తుంటే పక్కింటి కోడలొచ్చింది. చేతుల్లో మూడు నెలల పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"పిన్నిగారూ, దీనికి కడుపునొప్పి. సోంపాకు మరిగించి రెండు చెంచాలు పడదామని. మీ పెరట్లో ఉందని బాబాయిగారన్నారు."

నేనే వెళ్ళి, నా చేతుల్తోనే గుప్పెడు తుంచి ఇచ్చాను. వచ్చి చేతులు చూసుకుంటే ఎలుక కంపు. దిక్కుమాలిన పందికొక్కు ఇంకా వదల్లేదనుకుని సబ్బుతో కడిగాను. రెండుసార్లు కడిగాను. కంపు పోయింది. మళ్ళీ గుడ్డ పట్టుకుని పనిలో పడ్డాను గానీ మనసు నిలవలేదు. పెరట్లోకెళ్ళి ఓ ఆకు తుంచి నలిపాను. అదే కంపు! అది పందికొక్కుది కాదు, మొక్కదే.

అయినా ముప్ఫై ఏళ్ళ అనుభవం ముందు నా ముక్కెంత? పరిగెత్తుకొచ్చి, కుర్చీ వెనకనుంచే ఆయన ముక్కు కింద చెయ్యి పెట్టాను. "సరిగ్గా చూసి చెప్పండి, ఇది సోంపేనా?"

ఆయన కళ్ళు మూసుకుని నిండుగా పీల్చారు. "ఆహా, సోంపే! ఏం ఘుమఘుమ!"

నా చేతికేసి చూసుకున్నాను. కంగారులో నేను చాచింది ఆకున్న చెయ్యి కాదు, కిరసనాయిలు గుడ్డున్న చెయ్యి.

ఎప్పుడు గోడ దూకానో తెలియదు. వాళ్ళ వంటింట్లో పాప తల్లి ఒళ్ళో ఉంది, మొదటి చెంచా పెదవుల దగ్గరుంది. ఒక్క దెబ్బ కొట్టాను. చెంచా ఎగిరిపోయింది, గిన్నె దొర్లిపోయింది.

"ఇదేంటి పిన్నీ! సోంపని బాబాయిగారే కదా చెప్పారు?" అని ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది. ఇంటిల్లిపాదీ పోగయ్యారు. మా ఆయన చెప్పుల్లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పొరపాటు పడ్డానంటే సరిపోయేది, పరువు దక్కేది.

"నాకు వాసన తెలియదమ్మా. ఆ జ్వరంతోనే పోయింది. రెండేళ్ళుగా అందరితోనూ అబద్ధమాడుతున్నా" అన్నారు.

సాయంత్రం కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేడమ్ వచ్చి కాండం మీద మచ్చలు చూడగానే వెనక్కి జరిగింది. "వట్టి చేతుల్తో ముట్టుకోకండి. చూడ్డానికి సోంపులాగే ఉంటుంది గానీ పచ్చి విషం. పసిదానికి ఒక్క చెంచా చాలు" అంది. చేతులకి తొడుగులేసుకుని వేళ్ళతో సహా పెకలించి తీసుకుపోయింది.

ఇంట్లో ఇద్దరమే మిగిలాక అడిగాను. "మరి పాలు మాడినా, గ్యాస్ వదిలేసినా నాకంటే ముందు లేచేవారే, ఎలా?"

"నీ మొహం చూసి. కంపొస్తే నీ కనుబొమలు ముడిపడతాయి. ఆ మొక్క పెరిగినప్పుడు నువ్వు ఊళ్ళో లేవు" అన్నారు తలొంచుకుని.

ఈ రెండేళ్ళూ ఉన్నట్టుండి నా మొహం వంక అన్నిసార్లు చూస్తుంటే, వయసు మళ్ళాక ఈయనకి నా మీద ప్రేమ పుట్టిందనుకున్నాను.